నాపరాయి ఎందుకు చీలుతుంది?

(జమ్మలమడుగులో ఒక ఆదివారం సాయంత్రం విశ్రాంత భూగర్భశాస్త్ర అధ్యాపకుడొకరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు ముందుకు రండి, ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ముందు వరసంటే మనకు బడిలో పట్టుకున్న భయం, ముసలితనంలో కూడా వదలదు. రండి, రండి. నేను ప్రశ్నలు అడుగుతాను గానీ మార్కులు వేయను.

ముందుగా ఈ బాటిల్ చూడండి. పొద్దున మైలవరం డ్యాం వైపు పోయి, ఒక గుప్పెడు ఇసుక, ఒక గుప్పెడు బురద ఇందులో వేసి, నీళ్లు పట్టి తెచ్చినాను. ఇప్పుడు ఊపుతున్నా. బాగా ఊపుతున్నా. ఇదిగో, ఆపినా. చూస్తున్నారా? నేను మాట పూర్తి చేసేలోపే ఇసుక అడుగుకు దిగిపోయింది. పైన నీళ్లు మాత్రం టీ రంగులో అట్లే ఉన్నాయి. దీన్ని ఇట్లా బల్ల మీద పెడుతున్నాను. ఎవరూ కదిలించొద్దు. ఏం అబ్బీ, నీకే చెప్తున్నా, చెయ్యి తీయ్. చివర్లో మళ్లీ చూద్దాం.

ఇప్పుడు కిందికి చూడండి. మీ కాళ్ల కింద ఏముంది? నాపరాయి. ఈ గచ్చు నాపరాయి, బయట అరుగు నాపరాయి. మీ ఇళ్లల్లో వంటగట్టు నాపరాయి, బట్టలుతికే బండ నాపరాయి, పశువుల కొట్టం చుట్టూ నిలబెట్టిన గోడ కూడా నాపరాయే. బయటి ఊళ్లవాళ్లు కడప బండ అంటారు, డబ్బులు పెట్టి కొంటారు. మనం దాని మీదే పుట్టి, దాని మీదే తిని, దాని మీదే పడుకుంటాం కాబట్టి దాన్ని పట్టించుకోం.

ఇక్కడ బండల గనుల్లో పని చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? చెయ్యెత్తండి. ఒకటి, రెండు, అక్కడ ఇద్దరు. మంచిది, మిమ్మల్నే అడుగుతా. నాపరాయిని ఎట్లా తీస్తారు? మందుగుండు పెట్టి పేలుస్తారా? పేలిస్తే చిప్పలు మిగుల్తాయి, బండ రాదు. అంచు చూసుకొని, ఉలి పెట్టి, సమ్మెటతో తట్టుకుంటూ పోతారు. తర్వాత గడారి దూర్చి లేపితే, పొరకు పొర విడిపోతుంది. మంచంత బండ, పైనా కిందా చాపలా చదునుగా వస్తుంది. అవునా కాదా? పెద్దాయన తల ఊపుతున్నాడు, సంతోషం. మరి గ్రానైట్‌ను అట్లా తీయండి చూద్దాం. రాదు. దాన్ని రంపం పెట్టి కోయాల్సిందే.

ఎందుకట్లా? ఒక రాయి పొరలుగా విడుస్తుంది, ఇంకొక రాయి విడవదు. ఎందుకు? నేను ఈ ఒక్క ప్రశ్నకే జవాబు చెప్పి కూర్చుంటా.

పుస్తకాల్లో ఇట్లాంటి వాటిని అవక్షేప శిలలు అంటారు. ముప్పై ఏళ్లు ఆ మాటే చెప్పి పిల్లల్ని బెదరగొట్టినాను. అంత మాట అక్కర్లేదు. నూనె డబ్బా అడుగున మిగిలేదాన్ని మనం ఏమంటాం? మడ్డి అంటాం. చెరువు అడుగున చేరేదాన్ని పూడిక అంటాం. ఏరు పొంగి పోయినాక పొలంలో మిగిలేది ఒండ్రు. మూడూ ఒకటే సంగతి. నీళ్లు మోసుకొచ్చి, మోయలేక దించేసింది. అది గట్టిపడితే మడ్డి రాయి. నా మాట చెల్లి ఉంటే పాఠ్యపుస్తకంలో ఆ పేరే పెట్టించేవాణ్ని.

సరే, ఆ మడ్డి ఎక్కడి నుంచి వస్తుంది? మన పెన్న ఎక్కడ పుట్టింది? కర్ణాటకలో, నంది కొండల్లో. అక్కడంతా గ్రానైట్ జాతి రాళ్లు. గ్రానైట్ ముక్క చేతిలో పెట్టుకొని చూడండి, గాజులా మెరిసే గింజ ఒకటి కనిపిస్తుంది. అది క్వార్ట్జ్. పాలరంగులోనో గులాబీ రంగులోనో ఉండేది ఫెల్‌స్పార్. వాన నీటిలో గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలుస్తుంది కదా, అందుకని ఆ నీళ్లకు కొంచెం పులుపు ఉంటుంది, సోడాకు ఉన్నట్టే, చాలా తక్కువగా. ఆ పులుపు వేల ఏళ్లు నానబెడితే ఫెల్‌స్పార్ ఓడిపోతుంది. మెత్తబడి బంకమట్టి అయిపోతుంది. క్వార్ట్జ్ మాత్రం మొండిది. చుట్టూ ఉన్నదంతా కరిగి పోతే అది గింజగింజగా రాలుతుంది. పెన్నలో ఇసుక అంటే అదే.

కాబట్టి కొండ నుంచి ఇసుక వచ్చింది, బంకమట్టి వచ్చింది. మూడోది ఒకటి ఉంది, కంటికి కనబడదు. ఏంటది? బోరు నీళ్లు కాచే గిన్నె అడుగు చూసినారా అమ్మా? తెల్లటి పెచ్చు కడతాది, గీకినా పోదు. ఆ సున్నం నీటిలో కరిగి ఉండింది. నది ఇసుకను, మట్టిని అందరికీ చూపిస్తూ మోస్తుంది, సున్నాన్ని దొంగతనంగా మోస్తుంది. ఈ మూడూ గుర్తు పెట్టుకోండి. మన జిల్లా రాళ్లల్లో చాలా మటుకు వీటితోనే తయారైనాయి.

నది మోసేటప్పుడు ఇంకొక పని చేస్తుంది. మా అమ్మ చేటలో బియ్యం చెరిగితే రాళ్లు ఒక పక్కకు, నూకలు ఒక పక్కకు, ఊక ఎగిరి బయటికి పోయేది. నది చేసేది కూడా చెరగడమే. వేగం ఉన్నప్పుడు గుండ్లను కూడా దొర్లిస్తుంది. వేగం తగ్గగానే ముందు గుండ్లు ఆగుతాయి, తర్వాత గులకరాళ్లు, తర్వాత ఇసుక, అన్నిటికంటే చివర బంకమట్టి. ఒక మిల్లీమీటరు ఇసుక గింజ కదలని నీటిలో ఒక్క సెకనులో జానెడులో సగం దిగుతుంది. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఉండే బంకమట్టి రేణువు జానెడు దిగాలంటే రెండు రోజుల పైనే పడుతుంది. ఆ బాటిల్‌లో జరుగుతున్నది అదే. అందుకే రాతిలో గింజ ఎంత ఉందో చూస్తే, ఆ రోజు నీళ్లు ఎంత జోరుగా ఉండినాయో చెప్పొచ్చు. గులకరాళ్లు అతుక్కున్న రాయి కనిపిస్తే జోరు నీళ్లు. ఇసుకరాయి అయితే ఏటి పాయో, సముద్రపు ఒడ్డో. మెత్తటి పలకరాయి అయితే కదలని నీళ్లు.

ఇంత మడ్డి నిజంగా వస్తుందా అని అనుమానం వస్తుంది. హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాం ఉంది కదా, మన హెచ్చెల్సీ కాలువకు నీళ్లొచ్చేది అక్కణ్నుంచే. 1953లో కట్టినప్పుడు అందులో దాదాపు 133 టీఎంసీలు పట్టేది. 2016 సర్వేలో తేలింది 105 చిల్లర. మిగతా జాగా ఏమైంది? పూడిక నింపింది. ఒక మనిషి జీవితకాలం కూడా కాదు ఇది. మనం నీళ్ల కోసం కట్టుకున్నాం, అడుగున పొరల మీద పొరలు పడుతున్నాయి. రైతుకు అది నష్టం, నా వంటివాడికి రాయి పుట్టే చోటు. రైతు ముందర ఈ మాట అనకూడదు, తంతాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నా. పొరలు. మడ్డి పడుతూనే ఉంటే పొరలు ఎందుకు రావాలి? ఎడతెగకుండా పడితే మొత్తం ఒకే ముద్ద కావాలి కదా? ఆలోచించండి. దోసెల పిండి మొత్తం ఒకేసారి పెనం మీద పోస్తే దిబ్బరొట్టె అవుతుంది. ఒకటి పోసి, తీసి, ఇంకొకటి పోస్తేనే దోసెల దొంతి. దోసెకు దోసెకు మధ్య ఏముంది? ఏమీ లేదు. కానీ ఆ ఏమీ లేని చోటే విడిపోతుంది.

నాపరాయి చీలేది అక్కడే. నీళ్లు మడ్డి దించినాయి, ఆగినాయి. మళ్లీ దించినాయి, మళ్లీ ఆగినాయి. ఆ ఆగినప్పుడు, మన నాపరాయి విషయంలో అయితే (పుస్తకాల్లో దాని పేరు నర్జి సున్నపురాయి), సున్నపు బురద రావడం తగ్గి, సన్నటి బంకమట్టి కాగితమంత మందాన పరుచుకుంది. బంకమట్టి రేణువులు పేకముక్కల మాదిరి పలచగా ఉంటాయి, పడుకొని పేరుకుంటాయి. అక్కడ పట్టు తక్కువ. మీ ఉలి వెతుక్కుంటూ పోయేది ఆ పట్టు లేని చోటునే. అంటే గనిలో మీరు బండ లేపిన ప్రతిసారీ ఏం చేస్తున్నారు? ఎప్పుడో నీళ్లు ఆగిన ఒక విరామాన్ని తెరుస్తున్నారు. గ్రానైట్‌కు విరామం లేదు. అది కరిగిన ముద్ద భూమి లోపల ఒకటిగా చల్లారింది. అందుకే పొర లేదు, రంపం కావాలి.

మడ్డి మరి రాయి ఎట్లా అయింది? చెరువు పూడిక చేత్తో తీయొచ్చు, నాపరాయికి సమ్మెట కావాలి. రెండు పనులు జరిగినాయి. ఒకటి ఒత్తిడి. అరిసెను నూనెలో నుంచి తీసి రెండు గంటెల మధ్య వత్తుతారు, నూనె కారిపోతుంది, అరిసె గట్టిపడుతుంది. కొత్త బురదలో సగానికి పైగా నీళ్లే. పైన వందల మీటర్ల మడ్డి పడితే ఆ నీళ్లు బయటికి పోక తప్పదు. రెండోది పాకం. వేరుశనగ గింజలు ఎంత వత్తినా పప్పుచెక్క కావు, బెల్లం పాకం పోయాలి. గింజల సందుల్లో తిరిగే నీటిలో క్వార్ట్జ్‌లో ఉండే సిలికానో, సున్నమో, ఇనుమో కరిగి ఉంటుంది. అది మెల్లమెల్లగా సందుల్లో గట్టిపడి గింజను గింజకు అతికిస్తుంది. గండికోట బండల్లో ఇసుక గింజలను సిలికా పాకం పట్టింది, అందుకే అంత గట్టి. ఎర్రగా ఉన్న చోట ఇనుము కలిసింది. పెన్న ఆ కొండను కోసుకొని పోవడానికి ఎంత కష్టపడిందో లోయ అంచున నిలబడి చూసినవాళ్లకు తెలుసు. ఈమధ్య అక్కడ నిలబడేవాళ్లంతా వీపు లోయ వైపు పెట్టి ఫోను చూసుకుంటున్నారు, అది వేరే సంగతి.

పాకం పట్టకపోతే ఏమవుతుంది? విశాఖపట్నం నుంచి భీమిలి పోయే దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూసినారా? అది ఇసుకే. గింజల మీద ఇనుప తుప్పు పట్టి ఎర్రబడింది గానీ ఇంకా సరిగా అతుక్కోలేదు. గట్టిగా వాన పడితే కోసుకుపోతుంది. రాయి కావడానికి బయలుదేరి దారిలో ఉంది అనుకోండి.

సున్నపురాయి సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలన్నీ దాని మీదే బతుకుతున్నాయి. ఇందాక నది సున్నాన్ని దొంగతనంగా మోస్తుంది అన్నాను కదా. అది లోతు తక్కువ ఉన్న వెచ్చటి సముద్రంలో చేరి, నీళ్లు ఇక కరిగించుకోలేనంత అయినప్పుడు, తెల్లటి సన్న బురదగా దిగుతుంది. ఈ కాలం సముద్రాల్లో అయితే గవ్వలూ పగడాలూ ఆ సున్నాన్ని తీసుకొని ఒంటికి కట్టుకుంటాయి, చచ్చి అడుగుకు చేరతాయి. మన నాపరాయిలో గవ్వ కనబడిందా ఎవరికైనా? కనబడదు. గవ్వ కట్టుకునే జీవులు ఇంకా పుట్టని కాలంలో పడిన మడ్డి అది.

అంతకంటే పాతది చూడాలంటే వేంపల్లె పోండి. అక్కడి రాళ్లు దాదాపు 190 కోట్ల ఏళ్లకు పైబడినవి. వాటిలో క్యాబేజీని అడ్డంగా కోసినట్టు, పొర మీద పొర గుండ్రంగా ఉబ్బిన గుర్తులు ఉంటాయి. స్ట్రోమటోలైట్లు. కంటికి కనబడని సూక్ష్మజీవులు నీటి అడుగున జిగురు చాపలా పరుచుకున్నాయి. దాని మీద సున్నపు నలుసు పడింది. వెలుతురు కోసం అవి నలుసు మీదికి పాకినాయి. మళ్లీ నలుసు, మళ్లీ పాకడం. ఆ జీవులు లేవు, ఎముక లేదు, గవ్వ లేదు, పాకిన జాడ మాత్రం రాయి అయింది. వేంపల్లె సంతకు ఎన్నిసార్లు పోయి ఉంటారు మీరు? ఒక్కసారి ఆ గుట్టలు కూడా చూసి రండి.

నా కుర్రతనంలో జరిగింది ఒకటి చెప్తా. చదువు అయిపోయిన కొత్తలో, మెడలో లెన్సు, చేతిలో సుత్తి, నా అంతటివాడు లేడని తిరిగేవాణ్ని. ఒక ఇసుకరాతి బండ మీద అలల గుర్తులు దొరికినాయి. ఒడ్డున తడి ఇసుక మీద చిన్న అలలు గీతలు పెడతాయే, అట్లాంటివి. మురిసిపోయి నోటుబుక్కులో బొమ్మ వేసుకుంటున్నా. పక్కన బండలు కొట్టే ముసలాయన చూసి, "అయ్యా, బండ బోర్లా పట్టుకున్నావు" అన్నాడు. ఎట్లా తెలుసు అంటే, "గీత మొన పైకి ఉంటుంది, గుంట గుండ్రంగా ఉంటుంది. నీది తిరగబడింది" అన్నాడు. నిజమే. నీటి అల పెట్టే గీతకు అంచు పదునుగా, గుంట వెడల్పుగా ఉంటుంది. తలకిందులైతే అచ్చు తిరగబడుతుంది. పుస్తకంలో ఉంది, పరీక్షలో రాసినాను, మార్కులు కూడా వచ్చినాయి. చేతిలో పెడితే తెలియలేదు. ఆయన బడికి పోలేదు. ఏ పొర ముందు పడింది, ఏది తర్వాత పడింది అనే లెక్క ఆయనకు వేళ్లల్లో ఉంది. కింది పొర పాతది, పైది కొత్తది అని స్టెనో అనే డెన్మార్క్ వైద్యుడు 1669లో రాస్తే, మా శాస్త్రానికి అది మొదటి సూత్రం అయి కూర్చుంది.

ఈ కడప రాళ్లన్నిటినీ వరస పెట్టి, పేర్లు పెట్టి రాసింది విలియం కింగ్, 1872లో. దేశంలోని రాళ్లను పరిశీలించే ప్రభుత్వ శాఖ, జియలాజికల్ సర్వే ఉద్యోగి. యెల్లందు దగ్గర బొగ్గు ఉందని 1871లో చెప్పింది కూడా ఈయనే, సింగరేణి కథ అక్కడ మొదలైంది. బొగ్గు కూడా మడ్డి రాయే, ఇసుక బదులు చెట్లూ ఆకులూ బురదలో కూరుకుపోయినాయి. దాని గురించి చెప్పాలంటే ఇంకో సాయంత్రం కావాలి.

కింగ్ తర్వాత వచ్చినవాళ్లు కొలిచి చూస్తే ఈ కడప పొరల మొత్తం మందం 12 కిలోమీటర్ల దాకా తేలింది. పన్నెండు! ఇప్పుడు నన్ను ఎవరైనా ఒక ప్రశ్న అడగాలి. అడగండి. ఆఁ, కరెక్ట్ అమ్మా, గట్టిగా చెప్పు అందరికీ వినబడేలా. ఇక్కడ సముద్రం 12 కిలోమీటర్ల లోతు ఉండిందా? ఉండలేదు. అలల గుర్తులు, ఎండిన బురద పగుళ్లు ఆ పొరల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. మోకాలి లోతు, నడుం లోతు నీళ్లల్లో అయ్యే పనులవి. మరి అంత మందం ఎట్లా? నవారు మంచం మీద ఒకరు కూర్చుంటే కొంచెం కుంగుతుంది, ఇంకొకరు కూర్చుంటే ఇంకొంచెం కుంగుతుంది. ఇక్కడ భూమి అడుగు తనంతట తానే కుంగుతూ పోయింది, మీద పడే మడ్డి బరువుకు ఇంకా కుంగింది. జాగా దొరికినంత మేరా మడ్డి నింపింది. నీళ్లు ఎప్పుడూ తక్కువ లోతే. కోట్ల ఏళ్లు అట్లా నడిచింది.

కోట్ల ఏళ్లు అని నోటితో అనేస్తాం. దాన్ని కంటితో చూడాలంటే ఒకే చోటు చెప్తా, మీరందరూ పోయినదే. తిరుమల. ఘాట్ రోడ్డులో బస్సు ఎక్కుతుంటే ఒక వైపు కొండ కోసిన గోడలా నిటారుగా ఉంటుంది కదా? కింద గ్రానైట్ జాతి రాయి, గుండ్లుగా, పొర లేకుండా. పైన పొరలు పొరలుగా పేర్చినట్టు ఇసుకరాయి, గట్టిపడి క్వార్ట్‌జైట్ అయింది. శిలాతోరణం ఆ పై రాయిలో వాననీళ్లూ గాలీ చెక్కిందే. ఆ రెండు రాళ్లు కలిసే గీత ఉంది చూడండి, దాన్ని జియలాజికల్ సర్వే జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది. గీత కింద రాయికీ పైన రాయికీ మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల తేడా.

ఆ 80 కోట్ల ఏళ్లు ఎక్కడ పోయినాయి? గీతలో ఉన్నాయి. గీత మందం ఎంత? అరచెయ్యి పెడితే ఒక వేలు పాత రాయి మీద, ఇంకో వేలు కొత్త రాయి మీద పడుతుంది. ఆ కాలంలో కింది కొండలు లేచినాయి, అరిగినాయి, మట్టి అయి ఎక్కడికో పోయినాయి. ఇక్కడ నిలిచింది ఏమీ లేదు. తర్వాత సముద్రం వచ్చి, ఆ అరిగిన నేల మీద కొత్త ఇసుక పరిచింది. స్కాట్లండ్‌లో సిక్కర్ పాయింట్ అనే చోట ఇట్లాంటి గీతను 1788లో జేమ్స్ హటన్ చూపిస్తే, భూమి వయసు వేలల్లో లేదని చదువుకున్నవాళ్లకు అనుమానం మొదలైంది. మనం ఏడుకొండలకు పోయి వస్తూ, ఆ గీత పక్కన వాంతి వస్తుందేమో అని కళ్లు మూసుకుంటాం.

నాపరాయి పొరల మధ్య విరామం ఎంతో చిన్నది, తిరుమల గీతలో విరామం 80 కోట్ల ఏళ్లు. జాతి మాత్రం ఒకటే, మడ్డి పడని కాలం. నాకు ఈ శాస్త్రంలో అన్నిటికంటే వింతగా తోచేది అదే. రాయి ఉన్న చోట కాలం ఉందని పిల్లలకు చెప్పేవాణ్ని. పొరపాటు. రాయి అంటే మడ్డి పడిన రోజులు. పడని రోజులు వాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ, అవన్నీ పొరకు పొరకు మధ్య సందుల్లో ఉన్నాయి.

అక్కడ ఎవరో అడుగుతున్నారు, చెప్పండి. ఎన్నేళ్లకు మడ్డి రాయి అవుతుంది అని. దానికి ఒక లెక్క లేదు తమ్ముడూ. వెచ్చటి సముద్రాల ఒడ్డున సున్నపు పాకం తొందరగా పడితే కొన్ని పదుల ఏళ్లలోనే ఇసుక రాయి అవుతుంది. అట్లాంటి రాతిలో ఈ కాలం సీసాలు కూడా ఇరుక్కొని దొరికినాయి. పాకం దొరక్కపోతే లక్ష ఏళ్లయినా ఇసుక ఇసుకే. ఇంకో ప్రశ్న, బెలూం గుహల గురించా? ఆ గుహ ఉన్నది కూడా ఈ నర్జి సున్నపురాయిలోనే. సున్నాన్ని నీళ్లే దించినాయి, ఆ పులుపు నీళ్లే మళ్లీ కరిగించి మూడు కిలోమీటర్లకు పైగా సొరంగం చేసినాయి. అక్కడ కరిగింది మళ్లీ ఏదో ఒక సముద్రం చేరుతుంది.

సరే, గంట దాటింది. బాటిల్ చూద్దాం. కదిలించలేదు కదా ఎవరూ? దగ్గరికి రండి. అడుగున ఇసుక, దాని మీద సన్నటి ఒండ్రు, రంగు తేడా తెలుస్తోందా? రెండు పొరలు వచ్చేసినాయి. పైన నీళ్లు ఇంకా తేరలేదు. తేరవు, ఆ బంకమట్టికి ఎల్లుండి దాకా పని ఉంది. దీన్ని ఇక్కడే కిటికీ పక్కన పెట్టి పోతున్నా. ఎల్లుండి సాయంత్రం ఎవరైనా వచ్చి, కదిలించకుండా, ఇంకో గుప్పెడు ఇసుక మెల్లగా వేయండి. మధ్యలో ఏర్పడే గీత ఎట్లా ఉందో నాకు ఫోటో పంపండి.